ప్యానెల్ వేడిని కొలవడానికి ఏది మేలు: ఎల్ఎం334 ఆ, ఏడీ590 ఆ?

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది; మిద్దె మీది సోలార్ ప్యానెల్ అడుగు భాగం అంతకన్నా మరో పాతిక, ముప్పై డిగ్రీలు ఎక్కువగా కాగుతుంది. ఆ వేడిని కింది గదిలో కూర్చుని పొడవాటి తీగతో కొలవాలంటే పరమ ఉష్ణోగ్రతకు (కెల్విన్లలో లెక్కించేది) అనులోమంగా కరెంటునిచ్చే ఐసీ, అంటే చిన్న చిప్, అనువుగా ఉంటుంది, ఎందుకంటే దారిలో తీగ నిరోధం కొంత ఉన్నా కరెంటు మారదు. ఎల్ఎం334, ఏడీ590 రెండూ అలాంటి ఐసీలే. ఏడీ590 తనంతట తానే కెల్విన్‌కు 1 మైక్రోఆంపియర్ ఇస్తుంది. ఎల్ఎం334 కాళ్ల మధ్య సుమారు 227 ఓముల రెసిస్టర్ వేస్తే అదీ అంతే ఇస్తుంది. ధరలో మాత్రం ఏడీ590 చాలా ఎక్కువ.

రెండింటి లోపలా సూత్రం ఒక్కటే. రెండు ట్రాన్సిస్టర్లను వేర్వేరు కరెంటు సాంద్రతల వద్ద నడిపినప్పుడు వాటి బేస్-ఎమిటర్ వోల్టేజీల మధ్య తేడా కెల్విన్ ఉష్ణోగ్రతతో సరళరేఖలో పెరుగుతుంది. సాంద్రతల నిష్పత్తి 8 అయితే 300 కెల్విన్ల వద్ద ఆ తేడా దాదాపు 53.8 మిల్లీవోల్టులు. బాగా ఎక్కువ వేడిలో కనిపించే లీకేజీ కరెంటును పక్కన పెడితే, వంపు, అంటే కొలత సరళరేఖ నుంచి పక్కకు తప్పడం, ప్రధానంగా ఆ వోల్టేజీని కరెంటుగా మార్చే రెసిస్టర్‌లో పుడుతుంది, ఎందుకంటే వేడికి రెసిస్టర్ విలువ కూడా మారుతుంది.

ఏడీ590లో ఆ రెసిస్టర్లు చిప్ మీదే లేజరుతో సరిచేసిన పలుచని పొరలు. దాని అత్యంత కచ్చితమైన రకమైన ఎం గ్రేడుకు మైనస్ 55 నుంచి 150 డిగ్రీల దాకా అరేఖీయత, అంటే ఈ వంపు, ±0.3 డిగ్రీలకు మించదు. ఎల్ఎం334లో రెసిస్టర్ మన ఎంపిక, కాబట్టి వంపు కూడా మన చేతిలోదే. 20 నుంచి 70 డిగ్రీల పరిధిలో, డిగ్రీకి మైనస్ 400 పీపీఎం (పది లక్షల్లో 400 వంతులు) మారే కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్ వేస్తే వాలు, అంటే డిగ్రీకి పెరిగే కరెంటు, దాదాపు 13 శాతం పెరుగుతుంది, కానీ రేఖ మధ్యలో వంపు పావు డిగ్రీయే. 50 పీపీఎం మెటల్ ఫిల్మ్ వేస్తే ఆ వంపు 0.03 డిగ్రీలకు దిగుతుంది. వాలులోని తప్పు చూడటానికి భయపెట్టినా రెండు ఉష్ణోగ్రతల వద్ద సరిచూసుకుంటే పోతుంది. వంపు అలా పోదు, పైగా పరిధి రెట్టింపైతే నాలుగింతలవుతుంది. రెసిస్టర్‌ను మాత్రం ఐసీ కాళ్లకే టంకం వేయాలి, ఎందుకంటే 227 ఓముల్లో ఒక ఓము తీగ కలిసినా కొలత డిగ్రీకి పైగా తప్పుతుంది.

కాబట్టి వంపు ఒక్కటే కొలమానమైతే, నీలి రంగు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్‌తో ఎల్ఎం334 చాలు; వేరుశనగ గోదాములో వేడి చూడటానికి నేను దాన్నే వాడతాను. ప్యానెల్ అడుగున మాత్రం వాడను. ఎల్ఎం334 పనిచేసే పరిధి 0 నుంచి 70 డిగ్రీలే, మన మే నెల మధ్యాహ్నం ఆ గీత మీదికే చేరుతుంది. అదే కుటుంబంలోని ఎల్ఎం234 వంద డిగ్రీల దాకా పనికొస్తుంది గనుక డబ్బు చూసుకునేవారికి అది మధ్యే మార్గం. దొరకకపోతే ఏడీ590 కొనడమే మేలు. దానికి 12 వోల్టుల బ్యాటరీ, 10 కిలో ఓముల రెసిస్టర్ వరుసగా (సిరీస్‌లో) పెడితే 70 డిగ్రీల వద్ద రెసిస్టర్ మీద సుమారు 3.43 వోల్టులు వస్తాయి. ఐసీకి కావలసిన కనీసం 4 వోల్టులు అప్పటికీ పుష్కలంగా మిగులుతాయి.