లింకన్ ఎమ్మెల్యేగా పనిచేసిన ఊరు: వాండేలియాలో దిగకుండా వెళ్లకండి

ఇల్లినాయ్ రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ ఇల్లు, సమాధి చూసి, ఫొటోలు దిగి తిరిగి వచ్చేసేవాళ్లే ఎక్కువ. ఆయన 1834 నుంచి వరసగా నాలుగుసార్లు ఇల్లినాయ్ దిగువ సభకు గెలిచారు. మన లెక్కలో నాలుగుసార్ల ఎమ్మెల్యే. రాజకీయం ఒంటబట్టింది మాత్రం అప్పటి రాజధాని వాండేలియాలో. సెయింట్ లూయిస్ నుంచి ఐ-70 హైవే మీద తూర్పుకు సుమారు 70 మైళ్లే. దాన్ని దాటేసి పోవడం అన్యాయం. రైలు స్ప్రింగ్‌ఫీల్డ్ దాకానే, ఇక్కడికి కారు ఉండాల్సిందే.

ఇక్కడి స్టేట్‌హౌస్‌కు (పాత శాసనసభ భవనం) టికెట్ లేదు, హుండీలో తోచినంత వేయొచ్చు. తెరిచే రోజులు మారుతుంటాయి, ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. రెండంతస్తుల తెల్లటి భవనం. రాజధాని ఎక్కడ తరలిపోతుందోనని 1836లో ఊరివాళ్లే హడావిడిగా కట్టించారు. డిసెంబరులో సభ్యులు వచ్చేసరికి గోడల పూత ఇంకా తడారలేదట. సభ జరిగింది పై అంతస్తులో, కాబట్టి కిందే చూసి వచ్చేయకండి. లింకన్‌తో కలిపి, స్ప్రింగ్‌ఫీల్డ్ ఉన్న శాంగమన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) సభ్యులు తొమ్మిదిమంది, సగటున ఆరడుగులు పైబడ్డ మనుషులు. రాజధానిని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు మార్చాలని పట్టుబట్టి, 1837 ఫిబ్రవరి 28న నాలుగో విడత ఓటింగ్‌లో 73 ఓట్లతో గెలిచారు. మార్చి 3న బానిసత్వం అన్యాయమంటూ నిరసన పత్రం ఇచ్చింది మాత్రం ఇద్దరే: లింకన్, డాన్ స్టోన్. గైడు ఉంటే ఈ భాగం అడిగి చెప్పించుకోండి. గంట చాలు, కానీ ఆ గంట తీరుబడిగా గడపండి.

రాజధాని మారాక స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కట్టిన శాసనసభ భవనం, ఓల్డ్ స్టేట్ క్యాపిటల్‌ను 1960ల్లో రాయి రాయి విప్పి, అడుగున పార్కింగ్ కట్టి, మళ్లీ పేర్చారు. బయటి రాళ్లు అసలువే, లోపలంతా కొత్త. వాండేలియా భవనం కట్టినచోటే నిలబడి ఉంది, నా ఓటు దానికే.

బస స్ప్రింగ్‌ఫీల్డ్ డౌన్‌టౌన్‌లో తీసుకుంటే క్యాపిటల్, లింకన్ ఇల్లు నడిచి చూడొచ్చు. గది అద్దె మీద పన్ను, పార్కింగ్ విడిగా పడతాయేమో బుక్ చేసే ముందే అడగండి. ఇల్లు చూడటం ఉచితం, కానీ విజిటర్ సెంటర్‌లో టైము వేసిన టికెట్ తీసుకోవాలి. పొద్దున్నే వెళ్లకపోతే పిల్లలు నిరీక్షణతోనే నీరసపడతారు. 1837లో ఈ ఊరికొచ్చినప్పుడు లింకన్ దగ్గర మంచం మీదికి పరుపు, దుప్పట్లకు కావాల్సిన 17 డాలర్లు కూడా లేవు. దుకాణదారు జాషువా స్పీడ్ మేడ మీది తన మంచంలోనే చోటిచ్చారు.

తిండికి హార్స్‌షూ: కాల్చిన రొట్టె, మాంసం, పైన ఫ్రైస్, చీజ్ సాస్. ఒక్కరు తినలేరు, సగం సైజు 'పోనీషూ' అడగండి. శాకాహారులు మాంసం వద్దని ముందే చెప్పాలి.

ఓపిక ఉంటే స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వాయవ్యంగా 20 మైళ్లలో, లింకన్ అంతకుముందు ఉన్న పల్లె న్యూ సేలం. దుంగల ఇళ్లు దాదాపు అన్నీ తిరిగి కట్టినవే, పీపాలు చేసే కొట్టం ఒక్కటే అసలుది. 1832లో లింకన్ తొలిసారి పోటీచేసి ఓడినా, ఇక్కడ పోలైన 300 ఓట్లలో 277 ఆయనకే పడ్డాయి.