గ్యాల్కానా, జనరల్స్ డాట్ ఐఓనా?

రెండూ సైన్యాన్ని నడిపి చోటు ఆక్రమించుకునే వీడియో గేమ్‌లే. రెండింట్లోనూ హంగులు తక్కువ, అంకెలే సైన్యం. గ్యాల్కాన్‌లో గ్రహాలన్నీ కళ్లముందే ఉంటాయి. ఓడల్లో ఎంత శాతం పంపాలో తేల్చుకుని గ్రహం మీదికి తోలడమే. చెయ్యి చురుగ్గా ఉన్నవాళ్లదే పైచేయి.

నాకు మాత్రం జనరల్స్ డాట్ ఐఓ అంటేనే ప్రాణం. గళ్ల మైదానం, చుట్టూ చీకటి, శత్రువు దగ్గరికొస్తేగానీ కనబడడు. 25 టర్నులకోసారి మన ప్రతి గడిలో ఒక సైనికుడు పెరుగుతాడు. ఆలోపు ఇంకో రెండు గళ్లు కలుపుకోవాలని వేళ్లు పరుగెడతాయి. మొన్న సైన్యాన్నంతా ముందుకు పంపేశాను. వెనకనుంచి ఒకడు 30 మందితో వచ్చి నా జనరల్‌ని పట్టేశాడు, అది పోతే ఆట పోయినట్టే. నా నేలంతా క్షణంలో వాడి రంగులోకి మారిపోయింది! గ్యాల్కాన్‌లో ఆ టెన్షన్ నాకెప్పుడూ దొరకలేదు.

జనరల్స్‌లో అదృష్టం పాలు ఎక్కువని కొందరు ఆటగాళ్లంటారు. నిజమే, మనం మొదలుపెట్టే చోటు కొండల మధ్య మూలన పడితే మొదట్లోనే వెనకబడతాం.