ఏథెన్స్ ఆక్రోపోలిస్ మ్యూజియం: పై అంతస్తు కోసమైనా వెళ్ళవలసిన చోటు

ఏథెన్స్‌లోని ఆక్రోపోలిస్ కొండ మీది పురాతన గ్రీకు ఆలయం పార్థెనాన్ అనగానే ఎవరికైనా స్తంభాలే గుర్తుకు వస్తాయి. ముందూ వెనుకా ఎనిమిదేసి, పక్కలకు పదిహేడేసి, మూలవాటిని ఒక్కసారే లెక్కిస్తే మొత్తం 46. అయితే ఆ స్తంభాలు మోసిన శిల్పాలలో ఏథెన్స్‌లో మిగిలినవాటిని చూడాలనుకునేవారు కొండ దిగి, దక్షిణపు వాలుకు ఎదురుగా 2009లో తెరిచిన ఆక్రోపోలిస్ మ్యూజియానికి రావాలి. ఇంతకంటే పెద్ద సేకరణలున్న మ్యూజియాలు యూరప్‌లో చాలానే ఉన్నాయి కానీ, ఒక్క కట్టడాన్ని అర్థం చేయించడానికే ఇంత పట్టుదలగా అమర్చిన మ్యూజియాలు అరుదు.

వాస్తుశిల్పి బెర్నార్డ్ చుమీ మూడో అంతస్తును కింది అంతస్తులకు భిన్నంగా కాస్త తిప్పి, కొండ మీది ఆలయం ఏ దిక్కున నిలిచి ఉందో సరిగ్గా ఆ దిక్కుకే నిలిపారు. అందువల్ల అద్దాల గోడలోంచి అసలు పార్థెనాన్‌ను చూస్తూ, దాని శిల్పాల చుట్టూ అదే వరుసలో నడవవచ్చు. ఆలయం నాలుగు వైపులా సాగిన సుమారు 160 మీటర్ల శిల్పాల పట్టీ ఇక్కడ మన కళ్ళకు దాదాపు సమానమైన ఎత్తులో ఉంటుంది. గుర్రపు రౌతులు, నీటి కడవలు మోసే యువకులు, బలికి తోలుకుపోతున్న పశువులు ఒకరి వెనుక ఒకరుగా తూర్పు ముఖాన కూర్చున్న దేవతల వైపు సాగిపోతారు.

నా అభ్యంతరం కూడా ఇక్కడే ఉంది. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ పౌరుడు ఈ పట్టీని ఇలా చూడలేదు. అది సుమారు 12 మీటర్ల ఎత్తున, బయటి స్తంభాల వరుసకు లోపల, పైకప్పు నీడలో ఉండేది. కింద నిలిచి చూసేవారికి స్పష్టంగా కనబడాలనే శిల్పులు పై భాగాన్ని లోతుగా, కింది భాగాన్ని పలుచగా చెక్కారు. పక్కనుంచి పగటి వెలుతురు పడే ఈ హాలులో ఆ నేర్పు తేలిగ్గా కంటికి ఆనదు. గుర్రాల కాళ్ళ కంటే రౌతుల తలలు ఎందుకు ముందుకు వచ్చాయో తెలియాలంటే కాసేపు మోకాళ్ళ మీద కూర్చుని పైకి చూడవలసిందే.

పట్టీలో మరో విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అసలు పలకలు కాలం గడిచిన తేనె రంగులో ఉంటే, 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ తరలించగా 1816 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవాటి స్థానంలో తెల్లని ప్లాస్టర్ నకళ్ళు ఉన్నాయి. వాటిని గ్రీస్‌కు తిరిగి ఇవ్వాలా వద్దా అన్న వివాదం గురించి పేజీలకొద్దీ రాసినా ఇంత సూటిగా చెప్పలేరు. కాకపోతే ఆ తెలుపు గ్రీకు శిల్పమంతా తెల్లగానే ఉండేదన్న పాత అపోహకు ఊతమివ్వకుండా చూసుకోవాలి. మొదటి అంతస్తులోని ఆర్కాయిక్ కాలపు (పార్థెనాన్‌కు ముందటి) కన్యల విగ్రహాల జుట్టు మీద, వస్త్రాల అంచుల మీద మిగిలిన రంగులను ముందుగా శ్రద్ధగా చూసి పైకి వెళ్ళడం మంచిది.

అదే కొండ మీది మరో ఆలయం ఎరెక్థియన్ మండపాన్ని మోసిన స్త్రీమూర్తులలో ఐదుగురు ఇక్కడే ఉన్నారు; ఆరవ మూర్తి లండన్‌లో ఉంది. చుట్టూ తిరిగే వీలుండటంతో వీపు మీది బరువైన జడల అల్లిక కనబడుతుంది. కేవలం అలంకారం కోసం అన్నట్టు తోచే ఆ జడలే మెడ దగ్గర రాతికి మందం ఇచ్చి, పైకప్పు భారాన్ని నిలబెట్టాయి. చేతులు మాత్రం విరిగిపోయాయి. అవి పట్టుకున్నవి తర్పణ పాత్రలని రోమన్ చక్రవర్తి హేడ్రియన్ తివోలీలోని తన విహారగృహం కోసం చేయించిన నకళ్ళను బట్టి తెలిసింది. గ్రీకు కళ గురించి రోమన్ల అనుకరణ మనకు చేసిన మేలుకు ఇంత చక్కని ఉదాహరణ అక్కడ మరింత వివరంగా కనిపించి ఉంటే బాగుండేది.

అద్దాల నేల కింద కనిపించే పాత ఇళ్ళు, స్నానశాలలు, వీధులు ఉన్న తవ్వకాలను కూడా వదలకండి; ఎత్తంటే భయమున్నవారు నేల అంచులను పట్టుకుని నడిస్తే చాలు. కొండకూ మ్యూజియానికీ టికెట్లు వేరువేరు. రెండూ ఒకే రోజు చూసేవారు ఎండ ముదరకముందే కొండ ఎక్కి, మధ్యాహ్నాన్ని మ్యూజియానికి కేటాయించుకుంటే శిల్పాల దగ్గర తొందరపడనవసరం ఉండదు.