డాలస్‌లో కారు లేకుండా తిరిగిన రోజులు

నాకు కారు నడపడం రాదు. చెల్లి వాళ్ళుండేది అమెరికాలో, టెక్సస్‌లోని డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో. అక్టోబర్‌లో మూడు వారాలు ఉందామని వెళ్ళాను. పొద్దున్నే అందరూ ఆఫీసులకీ స్కూలుకీ వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో నేనొక్కదాన్నే. కాలనీలో ఫుట్‌పాత్‌లు చక్కగానే ఉన్నాయి కానీ వాటి వెంట అరగంట నడిచినా ఇళ్ళే తప్ప ఒక్క కొట్టు కనపడదు. "ఇక్కడ కారు లేకపోతే కాళ్ళు లేనట్టే అక్కా, శనివారం దాకా ఆగు, మేమే తిప్పుతాం" అంది చెల్లి. విజయవాడలో రోజూ బీసెంట్ రోడ్డు దాకా నడిచి వెళ్ళొచ్చే అలవాటు నాది. నాలుగో రోజుకే ఇంట్లో ఊపిరాడలేదు, ఫోను పట్టుకుని దారులు వెతకడం మొదలుపెట్టాను.

మొదట తెలిసింది, డాలస్ రైళ్ళూ బస్సులూ నడిపే డార్ట్‌లో ఫ్రిస్కో సభ్య నగరం కాదని. అందుకే అక్కడికి రైలు రాదు. దగ్గర్లో ఉన్నది ప్లేనోలోని పార్కర్ రోడ్ స్టేషన్, రెడ్ లైన్ మొదలయ్యేది అక్కడే. మా మరిది ఆఫీసుకి వెళ్తూ అక్కడ దింపాడు. డార్ట్ టికెట్లు కొనే గోపాస్ యాప్‌లో రోజంతా తిరిగే టికెట్ నేను కొన్నప్పుడు ఆరు డాలర్లు, రైలు ఎక్కే ముందే ఆన్ చేసుకోవాలి. ముప్పావుగంటలో డౌన్‌టౌన్ చేరాను.

అయినా ఫ్రిస్కో నుంచి రోజూ రావడం కుదిరే పని కాదు కాబట్టి ఐదు రాత్రులు బయట గది తీసుకున్నాను. మొదటి రెండు డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లోని లాస్ కొలినాస్ వైపు. ఆ హోటల్ పేరు చెప్పను కానీ వాళ్ళ పేజీలో స్టేషన్ నడిచేంత దూరంలోనే అని రాశారు, మ్యాప్ కూడా 14 నిమిషాలు అంది. నమ్మేశాను. తీరా చూస్తే స్టేషన్‌కీ హోటల్‌కీ మధ్య హైవే. వంతెన కింద నుంచి దాటి, సర్వీస్ రోడ్డు పక్కన వెళ్ళాలి. కొంత దూరం పోయాక ఫుట్‌పాత్ ఠక్కున ఆగిపోయింది, ముందంతా గడ్డి. పక్క నుంచి కార్లు రివ్వున పోతుంటే సూట్‌కేసు చక్రాలు గడ్డిలో దిగబడి లాగలేక చాలా భయపడ్డాను. దూరం తప్పు కాదు, 14 నిమిషాలు నిజమే. కానీ ఆ నిమిషాలు ఎలాంటి దారిలో నడవాలో మ్యాప్ చెప్పలేదు.

ఆ రాత్రి గదిలో కూర్చుని మళ్ళీ అదే దారిని శాటిలైట్ వ్యూలో పెద్దది చేసి చూశాను. ఫుట్‌పాత్ ఆగిన చోట నుంచి గడ్డిలో సన్నటి మట్టి గీత ఒకటి, పొలం గట్టు మీద కాలిబాటలా, పక్క వీధి సిగ్నల్ దాకా కనిపించింది. అంటే నాలాగే రోజూ నడిచేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకో దారి ఉంది. మర్నాడు అటే వెళ్ళాను. రెండు నిమిషాలు ఎక్కువ పట్టింది గానీ సిగ్నల్ స్తంభానికి నడిచేవాళ్ళ కోసం బటన్ ఉంది. నొక్కితే తెల్ల మనిషి బొమ్మ వెలిగింది, కాసేపటికి పక్కనే అంకెలు తగ్గుతూ వచ్చాయి. బటన్ నొక్కకుండా ఎంతసేపు నిలబడినా ఆ బొమ్మ రాలేదు, ఇది గుర్తుపెట్టుకోండి.

అప్పటి నుంచి ఎక్కడికి బయల్దేరినా ముందు గూగుల్‌లో దారి చూసేదాన్ని. తర్వాత శాటిలైట్, ఆ తర్వాత రోడ్డు మీద నిలబడి చూసినట్టే ఫొటోలు చూపించే స్ట్రీట్ వ్యూలో రోడ్డు దాటే చోట్లు ఒక్కొక్కటీ. స్ట్రీట్ వ్యూ ఫొటో ఏ సంవత్సరానిదో అక్కడే ఉంటుంది, పాతదైతే నమ్మొద్దు. నడకలూ పరుగులూ నమోదు చేసుకునే స్ట్రావా యాప్ వాళ్ళ హీట్‌మ్యాప్‌లో జనం ఎక్కువగా నడిచే, పరిగెత్తే దారులు మెరుస్తూ కనిపిస్తాయి, కొత్త ఊళ్ళో ఒంటరిగా తిరిగే ఆడవాళ్ళకి అది చాలా ధైర్యం. వాక్ స్కోర్ అని ఇంకొకటుంది, నడకకి ఊరు ఎంత అనువో నూటికి మార్కులేస్తుంది. డాలస్ మొత్తానికి 50 కూడా రావు, డౌన్‌టౌన్‌కి మాత్రం చాలా ఎక్కువ. గది బుక్ చేసే ముందే ఇవన్నీ చూసుంటే ఆ గడ్డిలో సూట్‌కేసు లాగే పని ఉండేది కాదు.

లాస్ కొలినాస్‌లో నచ్చినవి కంచు గుర్రాలు. తొమ్మిది గుర్రాలు నీళ్ళలో పరిగెడుతుంటాయి, గిట్టల దగ్గర నీళ్ళు చిమ్ముతున్నట్టే పెట్టారు. ఇర్వింగ్‌లోనే 2014లో కట్టిన గాంధీ మెమోరియల్ ప్లాజాకి మాత్రం తర్వాత చెల్లి కారులోనే తీసుకెళ్ళింది.

మిగతా మూడు రాత్రులు డౌన్‌టౌన్‌లో, సెయింట్ పాల్ స్టేషన్ దగ్గర. ఇర్వింగ్ గది కన్నా రాత్రికి నలభై డాలర్లు ఎక్కువే, కానీ కాలు బయట పెడితే ఊరు ఉంది. క్లైడ్ వారెన్ పార్క్‌ని లోతుగా ఉన్న ఫ్రీవే మీద కప్పు వేసి కట్టారు, 2012లో తెరిచారు. కింద కార్లు పోతుంటే పైన పిల్లలు ఆడుకుంటున్నారు. కుర్చీ నీడలోకి జరుపుకుని గంటసేపు కూర్చున్నాను. ఎదురుగానే డాలస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్, మామూలు ప్రవేశానికి టికెట్ లేదు. అక్కడి నుంచి 1963లో అధ్యక్షుడు కెనడీని కాల్చిన డీలీ ప్లాజా దాకా నడిచే వెళ్ళాను, అంతా ఫుట్‌పాతే.

అన్నిటికన్నా నచ్చింది కేటీ ట్రైల్. పాత రైలు మార్గాన్ని నడకదారిగా మార్చారు, మూడున్నర మైళ్ళు. సైకిళ్ళకి కాంక్రీటు దారి, నడిచేవాళ్ళకి పక్కనే మెత్తటి రబ్బరు దారి, చాలాచోట్ల చెట్ల నీడ. నా మోకాళ్ళు కూడా నొప్పి పెట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు మెకిన్నీ అవెన్యూలో ఎం-లైన్ ట్రాలీ ఎక్కాను. వీధిలో పట్టాల మీద నడిచే పాతకాలపు చెక్క బండి, టికెట్ అక్కర్లేదు.

రైళ్ళ గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. పగలు బాగానే ఉంటాయి, నేను తిరిగినప్పుడు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకటి వచ్చేది. రాత్రి పెట్టెల్లో జనం పల్చబడతారు, ఇల్లు లేనివాళ్ళు సీట్లలో నిద్రపోతుంటారు. నన్నెవరూ ఏమీ అనలేదు, కానీ చీకటి పడ్డాక మొదటి పెట్టెలో డ్రైవర్ వైపే కూర్చున్నాను. ఆదివారం సాయంత్రం డౌన్‌టౌన్ వీధులు ఖాళీ అయిపోతాయి, ఆ పూట తినడానికేదైనా ముందే తెచ్చి గదిలో పెట్టుకోండి.

ఫ్రిస్కోకి తిరిగొచ్చాక ఫోనులో గుర్తుపెట్టుకున్న దారులన్నీ చెల్లికి చూపించాను. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నా అది ఒక్కసారి కూడా ఆ రైలు ఎక్కలేదట. తర్వాతి శనివారం కారు పార్కర్ రోడ్‌లో పెట్టి, పిల్లాణ్ణి తీసుకుని ముగ్గురం ట్రాలీ దాకా వెళ్ళొచ్చాం.