సెంటర్ స్నార్కెల్: ఫ్రీస్టైల్ సాధనలో కొన్నేళ్ల వాడకం తర్వాత

ముఖానికి నడిమధ్యగా, నుదుటి మీదుగా పైకి లేచే గొట్టంతో, ముఖం నీటిలో ఉండగానే నోటితో ఊపిరి పీల్చుకోనిచ్చే సెంటర్ స్నార్కెల్‌ను హైదరాబాద్‌లో నేను ఈదే 25 మీటర్ల కొలనులో కొన్నేళ్లుగా వాడుతున్నాను. సముద్రంలో చేపలను చూడడానికి వాడే స్నార్కెల్ గొట్టం చెవి పక్కన ఉంటుంది కాబట్టి, బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేసే ఫ్రీస్టైల్‌లో ఒళ్లు అటూ ఇటూ తిరిగినప్పుడు అది నీటికి అడ్డుపడి తలను లాగుతుంది. మధ్యలో నిలిచే గొట్టంతో ఆ ఇబ్బంది దాదాపు ఉండదు. మామూలు ఫ్రీస్టైల్ పోటీల్లో దీనికి అనుమతి లేదు కనుక దీన్ని సాధన పరికరంగానే చూడాలి. చేతుల పనిని సరిదిద్దడంలో దీనికి సాటి వచ్చే పరికరం నాకు మరొకటి కనిపించలేదు. శ్వాస నేర్పడంలో మాత్రం ఇది చేసే సాయం పరిమితమే.

ఫ్రీస్టైల్‌లో చాలా లోపాలు ఊపిరి తీసుకునే క్షణంలోనే పుడతాయి. గాలి కోసం తల పైకెత్తితే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. నీటి సాంద్రత గాలికంటే సుమారు 800 రెట్లు ఎక్కువ కాబట్టి, అలా దిగిన కాళ్ల వల్ల కలిగే నిరోధాన్ని కిక్ బలంతో పూడ్చుకోవడం కష్టం. సరిగ్గా అప్పుడే ముందుకు చాచిన చేయి, తలకు ఆసరా ఇవ్వడానికి, నీటిని వెనక్కి తోయడం మాని కిందికి నొక్కుతుంది. స్నార్కెల్ పెట్టుకుంటే తల కదిలించే అవసరం ఉండదు, చూపు కొలను అడుగున నల్ల గీత మీద నిలుస్తుంది, రెండు చేతులూ కళ్ల ముందే పనిచేస్తుంటాయి. వేళ్లు భుజానికి ఎదురుగా నీటిలోకి దిగుతున్నాయా, తల ముందుకు అడ్డంగా వస్తున్నాయా, చేత్తో నీటిని వెనక్కి లాగడం (పుల్) మొదలయ్యేటప్పుడు మోచేయి మణికట్టుకంటే పైన ఉందా అన్నవి ఈదుతూనే చూసుకోవచ్చు. గట్టు మీద నుంచి కోచ్ పదేపదే చెప్పే "మోచెయ్యి దించొద్దు" అన్న మాటలోని అసలు సంగతి నాకు కంటికి కనిపించింది ఇలాగే. ఎడమ చేతిని భుజం వెడల్పుకు జరుపుకున్న తర్వాత నడుము పక్కలకు ఊగడం బాగా తగ్గింది. ఆ మార్పు స్నార్కెల్ తీసేసినా నిలిచింది.

మొదటి వారాల్లో అందరినీ ఇబ్బంది పెట్టేది ముక్కు. మాస్కు ఉండదు కాబట్టి నోటితో గాలి పీల్చినప్పుడల్లా ముక్కులోకి కూడా నీరు వస్తుంది. దీనికి ముక్కు క్లిప్పు దొరుకుతుంది గానీ, వీలైనంత త్వరగా దాన్ని వదిలేయమనే నేను చెబుతాను. నోటితో పీల్చి, ముక్కుతో సన్నగా, ఆపకుండా వదలడం ఫ్రీస్టైల్‌కు కావలసిన అలవాటే, అది ఇక్కడ తప్పనిసరిగా అబ్బుతుంది. మనకు ఊపిరాడనట్లు అనిపించడానికి చాలావరకు కారణం ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. నీటిలో ఊపిరి బిగబట్టి, నోరు బయటికి వచ్చిన ఆ కొద్ది క్షణంలోనే వదలడం, పీల్చడం రెండూ చేయబోతే 50 మీటర్లకే ఆయాసం ముంచుకొస్తుంది. ఒక్క జాగ్రత్త అవసరం: గొట్టంలో మిగిలిన పాత గాలి మళ్లీ లోపలికి వస్తుంది కనుక, స్నార్కెల్‌తో శ్వాస నిదానంగా, లోతుగా సాగాలి. కొన్నిటితో పాటు గొట్టం కొసను ఇరుకు చేసే మూత కూడా ఇస్తారు. కొండ ప్రాంతపు పలుచని గాలిలో సాధన చేసినట్లు ఉంటుందన్న ప్రచారాన్ని నమ్మి దాన్ని వాడనక్కరలేదు. అది గాలి రాకను తగ్గిస్తుందే తప్ప, కొండ ప్రాంతంలోలా గాలిని పలుచన చేయదు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుడిని అడగకుండా ఆ మూత జోలికి పోకూడదు.

ఇక ఇది నేర్పలేనిది తల తిప్పే సమయం. ఈదేటప్పుడు తల ముందు నీరు కొద్దిగా లేచి, చెంప పక్కన చిన్న పల్లం ఏర్పడుతుంది. ఒంటితో పాటే తల తిప్పి, ఒక గాగుల్ నీటిలోనే ఉంచి, ఆ పల్లంలో నోరు తెరిస్తే తల ఎత్తకుండానే గాలి అందుతుంది. స్నార్కెల్‌తో ఎప్పుడంటే అప్పుడు పీల్చవచ్చు కాబట్టి ఈ లయ మరుగున పడే ప్రమాదం ఉంది. అందుకే నేను ఒక ల్యాప్ దానితో, వెంటనే మరో ల్యాప్ అది లేకుండా, చేతుల తీరు మారకుండా ఈదుతాను. రోజు సాధనలో నాలుగో వంతుకు మించి దాన్ని వాడను. అది లేని ల్యాపుల్లో మూడు స్ట్రోకులకు ఒకసారి, అటూ ఇటూ మార్చి శ్వాస తీసుకుంటే రెండు వైపులా తిరుగుడు సమంగా వస్తుంది. దూరపు ఈతలో అలాగే చేయాలన్న నియమమేమీ లేదు. 1500 మీటర్ల ఫ్రీస్టైల్‌లో టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెండింటా స్వర్ణం గెలిచిన అమెరికా ఈతగత్తె కేటీ లెడెకీ ప్రధానంగా కుడి వైపే శ్వాస తీసుకుంటుంది.

మన్నిక విషయానికి వస్తే, గొట్టం బాగానే ఉంటుంది, మిగతావి అరుగుతాయి. నోట్లో పెట్టుకునే సిలికాన్ భాగం పంటి గాట్లతో పాడవుతుంది. అడుగున నీరు బయటికి పోయే పలుచని వాల్వులో ఇసుక రేణువు చిక్కినా నీరు లోపలికి కారుతుంది. నేను మొదట కొన్నదాని తల పట్టీ బిగింపు త్వరలోనే విరిగింది, విడిగా పట్టీ దొరకలేదు. కాబట్టి విడి భాగాలు దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవడం మంచిది. ప్రతిసారీ మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టకపోతే గొట్టంలో వాసన పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కొలను కిక్కిరిసి ఉన్నప్పుడు పక్క లేన్ల అలలు గొట్టంలోకి చేరతాయి. గోడ దగ్గర నీటిలో పల్టీ కొట్టి తిరిగే ఫ్లిప్ టర్న్‌లోనూ అంతే, పైకి రాగానే ఒక్కసారి గట్టిగా ఊదాలి. రద్దీ తక్కువగా ఉండే ఉదయపు బ్యాచ్‌లోనే దీనితో నిశ్చింతగా ఈదగలం.

ఆగకుండా 100 మీటర్లు ఈదగలిగినవారికి దీన్ని ధైర్యంగా సూచిస్తాను. నీటి భయం ఇంకా పోనివారు, ముఖ్యంగా పెద్దవయసులో ఈత మొదలుపెట్టినవారు, డబ్బు పెట్టే ముందు కొన్ని వారాలు గట్టు పట్టుకుని ముఖం ముంచి బుడగలు వదలడం, ఆ తర్వాత పక్కకు ఒరిగి ఒక చేయి చాచి కిక్ చేయడం సాధన చేయాలి. ఆ రెండింటికీ ఏ పరికరమూ అక్కరలేదు.