వేట బ్యాగుతో ఆరేళ్ళు: చేపలు, మాంసం మోసిన అనుభవం

"వేట బ్యాగు కొన్నాను" అని చెబితే మా ఆఫీసులో ఒకాయన కంగారు పడిపోయారు. విశాఖలో ఆ కంగారు అక్కర్లేదు. జాలారిపేటలో "వేటకెళ్ళాం" అంటే సముద్రం మీదికి వెళ్ళారని అర్థం. కనుమనాడు ఎవరైనా "వేట మాంసం" అంటే అది మేక మాంసం. అడవి జంతువుని వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దాని జోలికి నేను పోను, ఎవరూ పోకూడదు. కానీ అమెరికాలో వేటగాళ్ళు ఒక్కరోజు అడవికి వెళ్ళి, దొరికిన మాంసాన్ని వీపు మీద మోసుకొచ్చుకునేందుకు ఒక రకం బ్యాగులు తయారవుతాయి. అలాంటిది ఒకటి 2019 నవంబరులో మా బావమరిది చేత తెప్పించుకున్నాను. అప్పటి నుంచి ఇంచుమించు ప్రతి ఆదివారం గాలం కర్రతో పాటు అదీ నా వెంట రాళ్ళ మీదికి వస్తోంది. మంగమారిపేట, భీమిలి, యారాడ, తంతడి, అన్నీ చూసింది.

బ్యాగు సంగతి చెప్పే ముందు దానికి ముందున్న బ్యాగు గురించి చెప్పాలి. నేను చేసిన తప్పే చాలామంది చేస్తున్నారు. లీటర్లు ఎక్కువుంటే సామాను ఎక్కువ పడుతుందని 60 లీటర్ల ట్రెక్కింగ్ బ్యాగు కొన్నాను. చేపల్ని పాలిథిన్ కవర్లో చుట్టి, లోపల టవల్ పక్కన, అన్నం డబ్బా పక్కన పెట్టేవాణ్ణి. ఒక మే నెల మధ్యాహ్నం భీమిలి దగ్గర ఒడ్డెక్కి బండి దగ్గరికి వస్తుంటే, వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పిలిచాడు. "ఏటి బాబూ, ఏం పడింది?" అన్నాడు. బ్యాగు విప్పి చూపించాను. కవర్లో రెండు పార చేపలు. కవరు లోపల ఆవిరి పట్టింది. ఆయన వేలితో చేప పొట్ట మీద నొక్కాడు. పడిన గుంట మళ్ళీ పైకి రాలేదు. "బతికున్నప్పుడు ఎంత బాగుందో చేప! నువ్వు దాన్ని సంచిలో ఉడకబెట్టేసినావు కదయ్యా" అన్నాడు. కోపంగా అనలేదు, చేప మీద జాలితో అన్నాడు. ఆ రెండు చేపలూ పారేశాను. ఆ రోజు నుంచి బ్యాగుని చూసే పద్ధతి మారింది. చేప కానీ మాంసం కానీ బ్యాగు లోపల ఉండకూడదు.

వేట బ్యాగు నాకు నచ్చిందే అక్కడ. దీనికి వీపు వైపు అల్యూమినియం ఫ్రేము ఉంటుంది. అసలు బ్యాగు ఆ ఫ్రేముకి పట్టీలతో కట్టి ఉంటుంది. ఆ పట్టీలు వదులు చేస్తే ఫ్రేముకీ బ్యాగుకీ మధ్య ఒక ఖాళీ తెరుచుకుంటుంది, అడుగున చిన్న అరలాంటి బట్ట ఉంటుంది. వేటగాళ్ళు మాంసాన్ని గుడ్డ సంచుల్లో వేసి ఆ ఖాళీలో పెట్టి బిగిస్తారు. నేను అక్కడ మూత గట్టిగా పట్టే థర్మాకోల్ పెట్టె పెడతాను. పెట్టె వీపుకి ఆనుకునే ఉంటుంది, నా బట్టలూ తిండీ బయటి వైపు బ్యాగులో పొడిగా ఉంటాయి. చేప నీళ్ళు కారినా కిందికి పోతాయి తప్ప అన్నం డబ్బాలోకి రావు. బరువు వీపుకి ఎంత దగ్గరగా ఉంటే నడక అంత తేలిక. అదే పెట్టెని మామూలు బ్యాగు వెనక తాళ్ళతో కట్టి చూడండి, అడుగడుక్కీ వెనక్కి లాగుతుంది. రాళ్ళ మీద ఆ లాగుడు చాలా ప్రమాదం.

బరువు లెక్క చెబుతాను. ఖాళీ బ్యాగే రెండున్నర కిలోలు. తాగే నీళ్ళు రెండు లీటర్లు, రీలూ ఎరలూ పట్టకారూ కలిపి రెండు కిలోలు, మంచు నాలుగు కిలోలు. ఇంకా చేప పడకముందే పదిన్నర. నా బరువు 68 కిలోలు. ఒంటి బరువులో నాలుగో వంతు దాటి మోయొద్దని ట్రెక్కింగ్ చేసేవాళ్ళు చెబుతారు. ఆ లెక్కన నాకు మిగిలేది ఆరున్నర కిలోల చేపే. ఆ పైన దొరికితే మిత్రుడికి సగం ఇస్తాను, లేదా చిన్నవాటిని ముందే వదిలేస్తాను.

ఒక్కసారి మాత్రం ఆ గీత దాటాను. తంతడిలో రాళ్ళ చివర తొమ్మిది కిలోల పార పడింది. అంత చేప నాకు అంతకుముందు ఎప్పుడూ పడలేదు. తోక పెట్టెలో పట్టక బయటికి వేలాడింది. మొదటి వంద అడుగులు భుజాలు పీకేశాయి. ఆగి, అన్ని పట్టీలూ వదులు చేసి, నడుం బెల్టుని బొడ్డు కింద తుంటి ఎముకల మీదికి దింపి గట్టిగా బిగించాను. తర్వాత భుజాల పట్టీలు ఊరికే తగిలేంత లాగాను. చివరగా భుజాల పైనుండే రెండు చిన్న పట్టీలు ముందుకి లాగితే బ్యాగు పైభాగం వీపుకి అతుక్కుంది. అదే బరువు, కానీ భుజాల మీద నుంచి దిగి కాళ్ళ మీదికి వచ్చింది. బండి దాకా ఎక్కడా కూర్చోకుండా వచ్చాను. మంచి నడుం బెల్టు ఉన్న బ్యాగులో బరువులో ఎక్కువ భాగం తుంటి మోస్తుంది. అది లేని బ్యాగు ఎంత ఖరీదైనా మోత పనికి కొనకండి.

ఫ్రేము పొడుగు మన వీపుకి సరిపోతేనే ఇది జరుగుతుంది. తల వంచితే మెడ వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుంచి, తుంటి ఎముక పైఅంచు ఎత్తు దాకా టేపుతో ఇంట్లో ఎవరిచేతైనా కొలిపించుకోండి. మనిషి ఎత్తుని బట్టి దీన్ని చెప్పలేం. నాకంటే పొడుగైన మా తమ్ముడి కొలత నాకంటే తక్కువ వచ్చింది.

ఒక జాగ్రత్త మాత్రం ప్రాణానికి సంబంధించింది. అలలు తగిలే రాయి మీద నిలబడ్డప్పుడు, నీళ్ళలో దిగి దాటేటప్పుడు నడుం బెల్టూ ఛాతీ క్లిప్పూ విప్పేసి ఉంచండి. జారి పడితే ఒక్క క్షణంలో బ్యాగు వదిలించుకోవాలి. పది కిలోల బరువు ఒంటికి కట్టుకుని సముద్రంలో పడితే ఈత వచ్చినా లాభం లేదు. మన తీరంలో రాళ్ళ మీద నుంచి మనుషులు కొట్టుకుపోయిన వార్తలు ఎన్నో చదివాం. చేప మళ్ళీ పడుతుంది.

ఇక మంచు. ఇంట్లో లీటరు సీసాలు నాలుగు, పైన కొంచెం ఖాళీ వదిలి రాత్రే ఫ్రీజర్‌లో పెడతాను. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి, నిండా పోస్తే సీసా పగులుతుంది. కరిగాక వాటినే తాగొచ్చు. చేప ఎక్కువ పడుతుందని నమ్మకం ఉన్న రోజు దారిలో దంచిన మంచు కొంటాను. అది చేపని నాలుగు వైపులా కప్పుతుంది, కొంచెం సముద్రపు నీళ్ళు కలిపితే ఇంకా త్వరగా చల్లబడుతుంది. మన ఎండలకి చేప ఎంత బరువో మంచు కూడా అంత ఉండాలి. పడగానే మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, పొట్ట శుభ్రం చేసి పెట్టెలో పెడతాను. ఇదంతా రుచి కోసమే అనుకోవద్దు. కానాగంత, వంజరం, ట్యూనా లాంటి చేపలు ఎండలో ఉండిపోతే వాటిలో హిస్టమిన్ పుడుతుంది. పులుసు ఎంత మరగబెట్టినా అది పోదు. తిన్నాక ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. చేప మన ఒంటికి సరిపడదనుకుని తినడం మానేస్తాం కానీ, చాలాసార్లు తప్పు చేపది కాదు, మంచు వేయకపోవడానిది.

మాంసానికి ఈ బ్యాగు వాడేది ఏడాదికి నాలుగైదు సార్లే. అనంతగిరి వైపు మిత్రుడి ఊళ్ళో కనుమ లాంటి పండగలకి మేకపోతుని కోస్తే మా వాటా తెచ్చుకుంటాను. అప్పుడే కోసిన మాంసం వేడిగా ఉంటుంది. దాన్ని కవర్లో ముడేసి ఘాటు రోడ్డు దిగితే ఇంటికొచ్చేసరికి జిగట పట్టి వాసన వస్తుంది. అమెరికా వేటగాళ్ళ పద్ధతే మంచిది: ఉతికిన పల్చటి నూలు సంచిలో వేసి గాలికి వేలాడదీస్తే పైపొర ఆరుతుంది, వేడి దిగుతుంది. ఆ తర్వాతే మంచు పెట్టెలోకి. మా ఇంట్లో పాత పంచెలతో అలాంటి సంచులు అరడజను కుట్టించాను.

ఇప్పుడు లోపాలు. ఈ బ్యాగు పొడి కొండల కోసం తయారైంది, ఉప్పుగాలి కోసం కాదు. రెండో ఏడు తిరగకముందే జిప్పుల లోహపు పిడులు పచ్చగా చిలుముపట్టి బిగుసుకున్నాయి. పళ్ళు ప్లాస్టిక్‌వి కాబట్టి జిప్పులు బతికాయి, పిడులు తీసేసి నైలాన్ తాడు ముక్కలు కట్టాను. ఫ్రేముకి ఇనుప రివిట్లు పడిన చోట అల్యూమినియం తెల్లటి పొడిగా రాలడం మొదలైంది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీళ్ళలో ఆనుకుని ఉంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. నాలుగో ఏట ఒక రివిటు ఊడింది. కంపెనీకి రాస్తే ఇండియాకి విడిభాగాలు పంపడం కుదరదన్నారు. పూర్ణా మార్కెట్ దగ్గర బ్యాగులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళితే, ఆయన రివిట్లు తీసేసి స్టీలు బోల్టులకి ప్లాస్టిక్ వాషర్లు వేసి బిగించారు. రెండేళ్ళయింది, కదల్లేదు. 150 రూపాయలు తీసుకున్నారు.

అయిదో ఏట అసలు దెబ్బ తగిలింది. బ్యాగు లోపలి నీళ్ళు పట్టని పూత జిగురుజిగురుగా మారి పొరలుపొరలుగా ఊడింది. ఆ పూత పాలీయూరెథేన్. మనలాంటి తేమ ఊళ్ళో, అందులోనూ అటక మీద మూసి పెడితే, అది విరిగిపోతుంది. నేను ఆ వర్షాకాలం మోకాలి నొప్పితో మూడు నెలలు వెళ్ళలేదు, బ్యాగుని మంచం కింద తోసేశాను. వాడి ఉంటే ఇంకొన్నాళ్ళు ఆగేదేమో. ఇప్పుడు లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేసుకుని వాడుతున్నాను.

బట్ట గురించి ఇంకొక మాట. వేట బ్యాగుల్లో కొన్నిటికి నూగులాంటి మెత్తటి బట్ట వాడతారు, కొమ్మకి రాసుకుంటే చప్పుడు రాకూడదని. జింక చెవికి భయపడే వాళ్ళకి అది బాగుంటుంది. మనకి ఆ బట్ట చేప నీళ్ళన్నీ పీల్చేసుకుని వారం రోజులు కంపు కొడుతుంది. నా బ్యాగు భుజం పట్టీల మీద అదే ఉంది, ఈ ఆరేళ్ళలో నన్ను ఎక్కువ విసిగించింది అదే. నున్నటి నైలాన్ ఉన్నదే తీసుకోండి. రంగు కూడా ఆకుల ముద్రలున్న సైనిక రకం వద్దు. మనది నేవీ ఊరు, యారాడ వైపు కాపలా ఉన్న చోట్ల ఆ రంగు వేసుకుని తిరగడం అనవసరమైన టెన్షన్. నా బ్యాగుతో నారింజ రంగు వాన కవరు వచ్చింది. రాళ్ళ మీద ఒంటరిగా ఉన్న రోజు వాన లేకపోయినా అది తొడుగుతాను, దూరం నుంచి ఎవరికైనా కనబడాలని. తుపాకీ పెట్టుకునే పక్క పట్టీలో మన గాలం కర్ర రెండు ముక్కలుగా చక్కగా పడుతుంది.

కడగడం మా అమ్మ నేర్పింది. మొదట్లో వేడినీళ్ళూ సబ్బూ పెట్టి తోమేవాణ్ణి, వాసన ఇంకా పట్టేసేది. అమ్మ చూసి, "చేపని ఎలా కడుగుతావో సంచినీ అలాగే కడుగు నాన్నా" అంది. ముందు చన్నీళ్ళు, జిగురంతా పోయేదాకా. వేడినీళ్ళు తగిలితే చేప జిగురు గుడ్డుసొనలా గడ్డకట్టి బట్టకి పట్టేస్తుంది. తర్వాత నిమ్మకాయ పిండిన నీళ్ళతో తుడవడం. చేప కంపు క్షార గుణం ఉన్నది, పులుపు దాన్ని విరుస్తుంది. మనవాళ్ళు చేప ముక్కలకి నిమ్మరసం, ఉప్పు పట్టించి కడిగేది అందుకే కదా. ఆఖరున కొంచెం సబ్బు, బోలెడు మంచినీళ్ళు, జిప్పుల మీదా బకిల్స్ మీదా ప్రత్యేకంగా పోసి, నీడలో తలకిందులుగా వేలాడదీయడం. ఎండలో వేస్తే నైలాన్ పెళుసెక్కుతుంది. ఎంత అలసిపోయి వచ్చినా ఆ రాత్రే ఇది చేస్తాను.

మళ్ళీ కొనాల్సి వస్తే ఇలాంటిదే కొంటాను, కానీ 40 లీటర్ల బదులు 30 చాలు. మోత ఫ్రేము చేస్తుంది, బ్యాగులో పట్టేది రోజు సామానే. విదేశం నుంచి తెప్పించుకోలేని వాళ్ళు నడుం బెల్టూ ఫ్రేమూ ఉన్న మంచి ట్రెక్కింగ్ బ్యాగు తీసుకుని, ఫ్రేము వైపు పెట్టె బిగించేలా నాలుగు పట్టీలు కుట్టించుకోవచ్చు. మా మిత్రుడికి అలాగే చేయించాం, మూడేళ్ళుగా బాగా మోస్తోంది. దుకాణంలో చూసేటప్పుడు ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకోవద్దు. పది లీటర్ల నీళ్ళ క్యాను తీసుకెళ్ళి అందులో పెట్టమనండి, బెల్టు బిగించి షాపు మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగండి. మొదటిసారి అలా అడిగినప్పుడు షాపబ్బాయి వింతగా చూశాడు. నాలుగోసారి దిగేసరికి తనే ఇంకో బ్యాగు తెచ్చి, "అన్నా, ఇది చూడండి, దీని బెల్టు ఇంకా గట్టిది" అన్నాడు. మా మిత్రుడు కొన్నది అదే.