గవర్నర్‌పేటలో కొన్న స్పీకర్‌కి వొలారే పరీక్ష

గవర్నర్‌పేటలో ఏ స్పీకర్ల షాపుకి వెళ్లినా ముందు వేసి వినిపించేది ఒకటే రకం పాట, డమ్ డమ్మని గుండెల్లో కొట్టేది. కుర్రాడు వాల్యూమ్ పెంచేసి, మన చెయ్యి పట్టుకుని స్పీకర్ వెనక కన్నం దగ్గర పెట్టించి "గాలి ఎలా తోస్తుందో చూడండి సార్" అంటాడు. గాలే కావాలంటే ఫ్యాన్ కొనుక్కుంటాం కదా నాయనా. నేను వినేవి పాత పాటలు, అందులో మనిషి గొంతు మనిషి గొంతులా వినపడాలి, అంతే. అందుకని నా పాట నా ఫోన్‌లోనే పెట్టుకుని వెళ్తాను. 1958 నాటి ఇటాలియన్ పాట అది, అసలు పేరు 'నెల్ బ్లూ దిపింతో ది బ్లూ', పల్లవిలో మాట పట్టుకుని లోకమంతా 'వొలారే' (అంటే ఎగరడం) అనేస్తుంది. బాణీ ఒకటే, పాడినవాళ్లు మాత్రం బోలెడుమంది, ఒక్కొక్కరిది ఒక్కో కాలం రికార్డింగు. స్పీకర్ సంగతి తేల్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి.

ఇంతకీ కొన్నది చెక్క రంగు పెట్టె, బ్లూటూత్, లోపల రెండు స్పీకర్లు, ధర తొమ్మిది వేలకి కాస్త తక్కువ. కంపెనీ పేరు రాయడం లేదు, ఇదే పెట్టె మూడు నాలుగు పేర్లతో పక్కపక్క షాపుల్లోనే కనపడింది నాకు. ముందు పలక మీద మెష్, పైన నాలుగు బటన్లు, అందులో ఒకటి 'ఎక్స్‌ట్రా బాస్', అంటే ఆ డమ్ డమ్ మోత పెంచేది. ఆ బటన్ గురించే అసలు ఈ గోలంతా.

మొదట పెట్టింది అసలువాడిది, డొమెనికో మొదున్యో పాడినది. పాట ఫ్రాంకో మిల్యాచ్చీతో కలిసి రాసుకున్నాడు, బాణీ తనదే. వెనక పెద్ద ఆర్కెస్ట్రా ఏమీ ఉండదు, అల్బెర్తో సెంప్రీని నడిపిన ఆరుగురి బృందం, అంతే. మోనో రికార్డింగు కాబట్టి కుడి ఎడమల పేచీ లేదు, ఇలాంటి ఒంటి పెట్టె స్పీకర్‌కి హాయి. పాట మొదలవడమే తాళం పట్టించుకోకుండా, దాదాపు మాట్లాడుతున్నట్టు మొదలవుతుంది: కలలో చేతులకీ మొహానికీ నీలం రంగు పూసుకున్నాడట, ఉన్నట్టుండి గాలి వచ్చి ఎత్తుకుపోయిందట. ఆ భాగంలో గొంతు ఎంత దగ్గరగా వినిపించిందంటే, బాస్ బటన్ ఆపేసి వింటే, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది. ఆ తర్వాత ఒక్కసారిగా 'వొలా...రే' అని పైకి లేస్తాడు చూడండి, అక్కడ చవక స్పీకర్లన్నీ గీపెడతాయి. ఇది గీపెట్టలేదు. వంటింట్లోంచి మా అమ్మ "ఎవర్రా వాడు, ఘంటసాల పద్యం చివర రాగం తీసినట్టు తీస్తున్నాడు" అంది. భాష ఏమిటని కూడా అడగలేదు.

ఆయన ఆ ఏడాది సాన్‌రేమో పాటల పోటీలో దీన్ని పాడి గెలిచాడు. అప్పట్లో అక్కడ ఒక్కో పాటని ఇద్దరు వేరువేరుగా పాడేవారు, దీనికి రెండో గాయకుడు జానీ దొరెల్లీ. ఇటలీలో గాయకులు అప్పటిదాకా గుండె మీద చెయ్యి వేసుకుని కదలకుండా నిలబడి పాడే రకం, మొదున్యో మాత్రం రెండు చేతులూ బార్లా చాపేశాడు. సొంత ఊరు పోలిన్యానో అ మారేలో సముద్రం పక్కన ఆయన కంచు విగ్రహం కూడా ఆ చేతులతోనే ఉంటుంది. తర్వాత హాలండ్‌లోని హిల్వర్సమ్‌లో జరిగిన యూరోవిజన్‌కి, అంటే యూరప్ దేశాల పాటల పోటీకి వెళితే, ప్రసారంలో ఏదో అంతరాయం వచ్చి రెండోసారి కూడా పాడించారు, అయినా మూడో స్థానమే ఇచ్చారు! మొదటి స్థానం వచ్చిన ఫ్రెంచి పాట ఇవాళ ఎవరికైనా గుర్తుందా? అమెరికాలో మాత్రం ఇటాలియన్‌లోనే అక్కడి హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో ఐదు వారాలు నంబర్ వన్, 1959లో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ సంగీత అవార్డుల్లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్, సాంగ్ ఆఫ్ ది ఇయర్ రెండూ దీనికే. ఆ వెర్రి ఎంతదాకా పోయిందంటే 1970ల్లో ప్లిమత్ కంపెనీ ఒక కారుకి ఈ పేరే పెట్టుకుంది.

సరే, ఇప్పుడు ఆ ఎక్స్‌ట్రా బాస్ నొక్కి ఇదే పాట మళ్లీ విన్నాను. అంతే సంగతులు. మొదున్యో డ్రమ్ములో కూర్చుని పాడుతున్నట్టు అయిపోయాడు. దరిద్రం ఏమిటంటే స్పీకర్ ఆపి వేసిన ప్రతిసారీ ఆ బటన్ దానంతట అదే ఆన్ అయి కూర్చుంటుంది, మనమే గుర్తుపెట్టుకుని ఆపుకోవాలి.

డీన్ మార్టిన్ కూడా అదే 1958లో పాడాడు. ఆయన అసలు పేరు డీనో క్రొచెట్టీ, ఒహాయోలో పుట్టాడు, తండ్రి ఇటలీ నుంచి వలస వచ్చినవాడు. మిచెల్ పారిష్ రాసిన ఇంగ్లీషు మాటలూ ఇటాలియనూ కలిపి పాడతాడు, కల కథ దాకా ఆగకుండా నేరుగా పల్లవితోనే ఎత్తుకుంటాడు. నాకు ఇది కొంచెం భోజనం అయ్యాక పాడినట్టు ఉంటుంది, తొందరేమీ లేదు, ఎక్కడికీ ఎగరనక్కర్లేదు. బ్రిటన్‌లో మాత్రం ఈయనదే రెండో స్థానం దాకా వెళ్లింది, మొదున్యోది పదితో సరిపెట్టుకుంది, ఎవరి రుచి వాళ్లది. స్పీకర్ విషయానికొస్తే కింది స్థాయి గొంతు చక్కగా పలికింది కానీ వెనక ఆర్కెస్ట్రా అంతా ఒక ముద్దలా వచ్చింది, ఏ వాద్యం ఎక్కడుందో తెలియదు.

బాబీ రైడెల్ 1960లో, పద్దెనిమిదేళ్ల వయసులో, మంచి ఊపుగా పాడాడు, అమెరికాలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఇది సగం వాల్యూమ్ దాటితే చెవులు జివ్వుమన్నాయి. డేవిడ్ బోవీ కూడా 1986లో 'అబ్సల్యూట్ బిగినర్స్' అనే సినిమా కోసం దీన్ని పాడాడు, అది వినండి సరదాగా ఉంటుంది, స్పీకర్ పరీక్షకి పనికిరాదు.

అసలు పరీక్ష జిప్సీ కింగ్స్‌ది. దక్షిణ ఫ్రాన్స్ వాళ్లు, మూలం స్పెయిన్ నుంచి వచ్చిన జిప్సీ కుటుంబాలు, 1989లో ఇదే పాటని రుంబాగా మార్చేశారు, గిటార్లు, చప్పట్లు, మాటల్లో స్పానిష్ కూడా కలిపేశారు. మా ఇంట్లో హాలు మొత్తం టైల్స్, గోడకి షోకేసు, అందులో కొండపల్లి బొమ్మలు. స్పీకర్ షోకేసు మీద పెట్టి ఈ పాట వేస్తే అద్దాలు జరజరమని మోగాయి, బొమ్మల్లో ఏనుగు అంబారీ మీది మనిషి ఊగుతున్నాడు. కింద నాలుగు మడతల తువ్వాలు వేసి, గోడకి జానెడు దూరం జరిపితే ఆ మోత పోయింది. కానీ గిటార్లు విడివిడిగా వినపడలేదు, చప్పట్లన్నీ ఒకే చోట నుంచి వచ్చాయి. ఒంటి పెట్టెలో రెండు స్పీకర్లూ అంత దగ్గరగా పెడితే స్టీరియో ఎక్కడినుంచి వస్తుంది? పెట్టె మీద మాత్రం పెద్దక్షరాలతో స్టీరియో అని రాశారు.

మిగతావి గబగబా. ఆన్ చేయగానే ఒక ఆడగొంతు "కనెక్టెడ్" అని ఇల్లు అదిరేలా అరుస్తుంది, రాత్రిపూట ఇది పెద్ద న్యూసెన్స్, తగ్గించే దారి లేదు. రంగురంగుల లైట్లు ఉన్నాయి, దేవుడి దయవల్ల ఆర్పేయొచ్చు. బ్యాటరీ బాగుంది, ఎండాకాలం కరెంటు పోయిన సాయంత్రం మొత్తం ఆడింది. బ్లూటూత్ బదులు వైరు పెట్టుకుంటే పాత పాటలు ఇంకొంచెం తేటగా ఉన్నాయి, వైరు వాళ్లివ్వరు, విడిగా కొనుక్కోవాలి.

ఐదుకి మూడున్నర ఇస్తాను. మీరు వినేది ఘంటసాల, సుశీల, మొదున్యో లాంటి గొంతు ముందుండే పాటలైతే నిశ్చింతగా తీసుకోండి. రుంబాలు, ఇప్పటి సినిమా బీట్లు కావాలంటే ఇంకో నాలుగు వేలు వేసి విడివిడిగా పెట్టుకునే జత స్పీకర్లు చూసుకోవడం నయం. షాపులో వాళ్ల పాట వేయనివ్వకండి, "బాబూ, ముందు ఆ బాస్ ఆపు" అనండి, మీ పాట పెట్టించండి. కుర్రాడు కొంచెం నీరసపడతాడు, ఫర్వాలేదు. బేరం ఆడితే ఐదొందలు తగ్గించారు, ఇంకా తగ్గేదేమో కూడా. ఛార్జింగ్ పిన్ను మాత్రం కాస్త లూజుగా ఉంది, అక్కడే పెట్టి చూసి తీసుకోండి, బిల్లు మీద వారంటీ సీలు వేయించుకోండి.